ఎరోల్ ఓటస్‌కు బొమ్మలేయడం రాదా?

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ సెట్ పెట్టెలు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి 1981లో వచ్చింది, ఇంకోటి 1983లో. ఆట అదే, కంపెనీ అదే, రెండింటి మీదా ఉన్నది డ్రాగనే. అయినా ఆ రెండు డ్రాగన్లూ ఒకే లోకంలో పుట్టాయంటే ఎవరూ నమ్మరు.

1981 పెట్టె మీద, నేల కింద ఎక్కడో నీళ్లలోంచి పచ్చటి డ్రాగన్ ఒకటి మెడ సాచి లేస్తోంది. దాని ముందు ఈటె పట్టిన యోధుడు, అతనికి తోడుగా అరచేతిలో మంత్రం వెలిగించుకున్న మాంత్రికురాలు. వాళ్ల ఒంట్లో ఎముకలున్నాయా, మైనంతో చేశారా అని అనుమానం వస్తుంది. రంగులు కలలో కనిపించే రంగులు. డ్రాగన్‌ను చూసి భయపడాలో నవ్వాలో చప్పున తేలదు. 1983 పెట్టె మీద ఎర్ర డ్రాగన్ ఉంది. పొలుసులు లెక్కపెట్టొచ్చు, రెక్కల బరువు తెలుస్తుంది, కింద బంగారం రాశి మెరుస్తోంది. దాని ముందు ఆయుధం ఎత్తిన వీరుడు ఒక్కడే. ఆ క్షణాన అక్కడ నిలబడి ఫొటో తీసినట్టుంటుంది.

మొదటి బొమ్మ ఎరోల్ ఓటస్‌ది, రెండోది లారీ ఎల్మోర్‌ది. నలభై ఏళ్లు దాటినా ఈ రెండు పెట్టెల అభిమానుల మధ్య తగువు తీరలేదు. ఓటస్ పేరెత్తితే చాలు, ఒకడు "చిన్నపిల్లల గీతలు, దానికింత హడావిడా" అంటాడు. ఇంకొకడు "ఈ ఆటకు అసలైన బొమ్మలు వేసింది ఆయనొక్కడే" అంటాడు. మధ్యస్థంగా మాట్లాడేవాళ్లు దాదాపు కనిపించరు. లోకో భిన్నరుచిః అని చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఇది రుచుల తేడా మాత్రమే కాదని నా అనుమానం. వాళ్లు నిజానికి నాలుగైదు వేర్వేరు విషయాల మీద కొట్లాడుకుంటూ, అన్నింటికీ కలిపి "ఓటస్ శైలి" అని పేరు పెట్టుకున్నారు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన ఆట ఇది. అచ్చేసింది అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే ఊళ్లో ఉన్న టీఎస్ఆర్ కంపెనీ. ఇందులో వీడియో ఉండదు. బోర్డు కూడా తప్పనిసరి కాదు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరు డన్జన్ మాస్టర్. "తలుపు తీశారు, లోపల చీకటి, ఎక్కడో నీళ్ల చప్పుడు" అని ఆయన చెబుతాడు. మిగతావాళ్లు తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు, పాచికలు వేస్తారు. అంటే ఆట మొత్తం మాటల్లో, తలల్లో నడుస్తుంది. కంటికి కనబడేవి పుస్తకంలో ఉన్న కాసిని బొమ్మలే. సినిమా పోస్టర్ మీద బొమ్మ బాగోకపోతే పోయేదేం లేదు, లోపల సినిమా ఉంటుంది. ఇక్కడ అలా కుదరదు. డ్రాగన్ ఎలా ఉంటుందో చెప్పే ఆధారం ఆ అట్ట ఒక్కటే. అందుకే ఈ ఆటలో బొమ్మల మీద గొడవలు అంత గట్టిగా జరుగుతాయి.

ఓటస్ కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రాంతం నుంచి వచ్చినవాడు. టీఎస్ఆర్‌లో చేరకముందే, 1979లో, పాల్ రీష్, మథియాస్ గెన్సర్‌లతో కలిసి రాక్షసుల మీద, నిధుల మీద సొంతంగా ఓ పుస్తకం వేసిన కుర్రాడు. కంపెనీలో ఉన్నది కొద్దికాలమే, 1980కి అటూ ఇటూ. ఆ కొద్ది కాలంలోనే దేవుళ్ల పుస్తకం 'డీటీస్ అండ్ డెమీగాడ్స్' అట్ట, 1981 నాటి బేసిక్, ఎక్స్‌పర్ట్ పెట్టెల అట్టలు, 'ఎక్స్‌పెడిషన్ టు ద బ్యారియర్ పీక్స్' వంటి సాహస కథల అట్టలు వేశాడు. లోపలి పేజీల్లో నలుపు తెలుపు బొమ్మలు లెక్కలేనన్ని. అంటే ఆట పల్లెపల్లెకూ పాకుతున్న సరిగ్గా ఆ రోజుల్లో, కొత్తగా పెట్టె తెరిచిన ప్రతి పిల్లవాడూ ముందుగా చూసింది ఈయన గీతనే.

ఇక తగువులోకి వద్దాం. మొట్టమొదటి అభియోగం: ఆయనకు బొమ్మలేయడం రాదు.

ఈ మాట అనేవాళ్లు చూపించే సాక్ష్యం బలహీనమైనదేమీ కాదు. ఓటస్ మనుషుల కీళ్లు ఉండాల్సిన చోట ఉండవు. ముఖాలు మాస్కుల్లా బిగుసుకుని ఉంటాయి, కళ్లు ఏటవాలుగా సాగుతాయి. కత్తి దూసినవాడి భుజంలో దూసిన బలం కనబడదు. వెలుగు ఎటునుంచి వస్తోందో ఒక్కోసారి బొమ్మకే తెలియదు. ఆర్ట్ స్కూల్లో చదివినవాళ్లకు ఇవన్నీ పంటి కింద రాళ్లు.

కానీ అదే బొమ్మను కాస్త దగ్గరగా పట్టుకుని చూడండి. ఆయన నలుపు తెలుపు పనిలో నీడలు గీతలతో వేసినవి కావు, చుక్కలతో పేర్చినవి. సిరా చుక్క పక్కన చుక్క, దగ్గర దగ్గరగా పెడితే చీకటి, దూరం జరిపితే వెలుగు. ఈ పనికి చెయ్యి వణక్కూడదు, ఓపిక చావకూడదు. వందల చుక్కల్లో ఒకటి జారినా నీడలో మచ్చ పడుతుంది. పైగా అప్పటి మాడ్యూళ్ల, అంటే ఆడుకోవడానికి తయారుగా ఇచ్చే సాహస కథల పుస్తకాల, లోపలి పేజీలు ఒక్క నల్ల సిరాతో అచ్చయ్యేవి. పెన్సిల్‌తో వేసిన మెత్తటి నీడలు అలాంటి అచ్చులో బూడిద ముద్దలవుతాయి. చుక్కలు చెక్కుచెదరవు. గీతకు అచ్చు యంత్రం ఏం చేస్తుందో తెలిసి వేసిన మనిషి, మోచేయి ఎటు వంగుతుందో తెలియక వేశాడంటే నమ్మడం కష్టం.

ఇంకో సంగతి. రాకపోవడం వల్ల పడే తప్పులు నిలకడగా ఉండవు. ఒక బొమ్మలో చెయ్యి పొడవవుతుంది, మరోదాంట్లో పొట్టిదవుతుంది, పైవారం బాగుపడుతుంది. ఓటస్ వంకరలు మాత్రం ఎక్కడ చూసినా ఒకేలా ఉంటాయి. శిరస్త్రాణాల మీద మొలిచిన ఆ అర్థంకాని కొమ్ములు, కారిపోతున్నట్టుండే రాళ్లు, గోడకూ జంతువుకూ తేడా తెలియని ఆకారాలు. పేరు మూసేసినా ఇది ఓటస్‌దని పదేళ్ల పిల్లవాడు పోల్చేస్తాడు. గీత రానివాడికి చేతివాటం ఇంత స్థిరంగా కుదరదు. కాబట్టి "రాదు" అన్న అభియోగాన్ని నేను కొట్టేస్తాను. "వాస్తవంగా వేయడం ఆయన బలం కాదు, అందుకే తన బలం ఉన్న దారిలో వెళ్లాడు" అని ఎవరైనా అంటే మాత్రం వాదించను. చాలామంది మంచి చిత్రకారుల శైలి పుట్టేది అక్కడే కదా.

రెండో అభియోగం నాకు మొదటిదానికంటే ఆసక్తిగా అనిపిస్తుంది. బొమ్మ బాగుందా లేదా అన్నది పక్కన పెట్టండి, ఆటకు పనికొస్తుందా అని అడుగుతారు.

ఆట నడిపేవాడి కోణంలో ఇది న్యాయమైన ప్రశ్నే. "గుహలో మీకు కనిపించింది ఇదీ" అని పేజీ తిప్పి చూపిస్తే, ఆటగాళ్లకు వెంటనే అర్థం కావాలి: అది ఎంత ఎత్తుంది, ఎన్ని చేతులున్నాయి, పారిపోవాలా, పోట్లాడాలా. ఎల్మోర్ తరహా బొమ్మ ఈ సమాచారం మొత్తం ఒక్క చూపులో ఇచ్చేస్తుంది. ఓటస్ బొమ్మ ఇవ్వదు. ముందుగా అయోమయం ఇస్తుంది, తర్వాత కాస్త సమాచారం.

అయితే ఆ అయోమయమే ఆటకు ఇంధనం అంటారు అవతలి వర్గం. వాళ్లకు బాగా పనికొచ్చే ఉదాహరణ 1980లో వచ్చిన 'ఎక్స్‌పెడిషన్ టు ద బ్యారియర్ పీక్స్'. కత్తులు, మంత్రాలు తప్ప ఏమీ తెలియని సాహసికులు ఒక కొండలో కూలిపడి ఉన్న అంతరిక్ష నౌకలోకి వెళ్తారు. వాళ్లకు అది నౌక అని తెలియదు. అక్కడ దొరికే వస్తువులు ఆయుధాలో, పనిముట్లో తెలియదు. ఆటగాళ్లకు చూపించడానికని ఈ మాడ్యూల్‌తో పాటు విడిగా ఒక బొమ్మల పుస్తకమే ఇచ్చారు. చూసినవాడికి అర్థం కాకపోవడమే ఆ బొమ్మల ఉద్దేశం. ఫ్రాగెమాత్ అనే జంతువు మొదట కనిపించిందీ ఈ కథలోనే: కప్ప ఒళ్లు, ఆక్టోపస్ చేతులు, నెత్తిన ఒక కాడ మీద మూడు కళ్లు. ఇలాంటిదాన్ని జంతుశాస్త్రం పాఠ్యపుస్తకంలో బొమ్మలా శుభ్రంగా వేస్తే దాని పని అయిపోయినట్టే. ఆటగాడు "ఓహో, ఇదా" అనేస్తాడు. "ఏంట్రా ఇది" అని వాడి నోట రావాలంటే అట్ట మీద ఓటస్ లాంటివాడు ఉండాలి.

దీనికి నేను జోడించేది ఒకటుంది. 1981 అట్ట మీద ఇద్దరున్నారు. ఒకరు ఆయుధం పట్టినవారు, ఒకరు మంత్రం పట్టినవారు. చుట్టూ నేలమాళిగ, ఎదురుగా డ్రాగన్. అంటే ఆట పేరులోని రెండు మాటలూ ఒక్క బొమ్మలో ఉన్నాయి, ఇది జట్టుగా ఆడే ఆట అన్న సంగతీ ఉంది, ఒక్కొక్కరి పని ఒక్కో రకం అన్న సంగతీ ఉంది. 1983 అట్ట మీద ఒంటరి వీరుడు. చూడ్డానికి గొప్పగా ఉంటాడు గానీ, ఈ ఆటలో ఒంటరిగా డ్రాగన్ మీదికి వెళ్లినవాడికి కొత్త పాత్ర తయారుచేసుకోవడానికి కాగితం ఇవ్వాల్సి వస్తుంది. సమాచారం లెక్కన చూసినా, "పనికిరాని" ఓటస్ బొమ్మే ఆటను సరిగ్గా చెప్పింది. దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడం నాకు వింతే.

మూడో చిక్కు బొమ్మలది కాదు, ఫాంటసీ అనే మాటది. ఇరువర్గాలూ ఆ మాటే వాడతాయి, వాటి మనసులో ఉన్న వస్తువులు మాత్రం వేరు.

ఈరోజు ఫాంటసీ అనగానే మనకు తోచేది వీరగాథ: రాజ్యాలు, ప్రవచనాలు, చెడు మీద మంచి గెలుపు. కానీ గైగాక్స్ తన 1979 నాటి 'డన్జన్ మాస్టర్స్ గైడ్' చివర తనను ప్రభావితం చేసిన రచయితల పట్టిక ఒకటి ఇచ్చాడు. అందులో జాక్ వాన్స్, ఫ్రిట్జ్ లైబర్, రాబర్ట్ హోవర్డ్, మైకేల్ మూర్‌కాక్, లవ్‌క్రాఫ్ట్ ఉన్నారు. చౌక కాగితం మీద అచ్చయిన పత్రికల్లో, చిన్న నవలల్లో పెరిగిన కథలు వీళ్లలో చాలామందివి. ఆ కథల్లో నాయకులు ఎక్కువగా దొంగలు, అవకాశవాదులు, బతికి బయటపడితే చాలనుకునేవాళ్లు. లోకం వాళ్ల కోసం తయారైంది కాదు. ఒక్కోచోట అది మనిషికి అర్థమయ్యేదే కాదు. తొలినాటి ఆట కూడా అలాంటిదే. మొదటి మెట్టు మీద మాంత్రికుడి ప్రాణం ఒక్క కత్తిపోటుకు చాలదు. నిధి తెచ్చుకోవడమే లక్ష్యం, కీర్తి కాదు. 1978 నాటి 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్' అట్ట చూడండి. డేవిడ్ ట్రాంపియర్ వేసిన ఆ బొమ్మలో పోరాటం అయిపోయింది, ఇద్దరు ఒక పెద్ద విగ్రహం మీదికెక్కి దాని కంట్లో రత్నం పెకలిస్తున్నారు. అంతే. దొంగతనం.

ఆ లోకానికి ఓటస్ గీత అతికినట్టు సరిపోతుంది. లవ్‌క్రాఫ్ట్ కథల్లోని దైవాల ప్రకరణానికి 'డీటీస్ అండ్ డెమీగాడ్స్'లో బొమ్మలు వేయించుకున్నది ఆయన చేతే. కళ్లతో చూసినా బుద్ధికి అందని ఆకారాలవి. కండరాలు సరిగ్గా వేయడం వచ్చిన చిత్రకారుడు అలాంటివి వేస్తే, అది రబ్బరు సూటు వేసుకున్న మనిషిలా తయారయ్యే ప్రమాదం ఉంది. ఓటస్ చేతిలో అది ముద్దగా, తడిగా, కదులుతున్నట్టుగా ఉంటుంది. ఆ ప్రకరణం, దానితోపాటు మూర్‌కాక్ కథల్లోని మెల్నిబోనే అనే రాజ్యం మీది ప్రకరణం తర్వాతి అచ్చుల్లో తీసేశారు. 144 పేజీల పుస్తకం 128 పేజీలయింది. పాత ప్రతి కోసం సేకర్తలు నేటికీ వెతుక్కుంటున్నారు. ఇందులో కొంత అరుదైన వస్తువు మీది మోజు, కొంత ఆ బొమ్మల మీది మోజు. ఏది ఎంతో విడదీయడం నా వల్ల కాదు.

1980ల్లోకి వచ్చేసరికి గాలి మారింది. ఎల్మోర్ 1981లో టీఎస్ఆర్‌లో చేరాడు. ఆ వెనకే జెఫ్ ఈస్లీ, క్లైడ్ కాల్డ్‌వెల్, కీత్ పార్కిన్సన్ వచ్చారు. నలుగురూ రంగుల చిత్రణలో ఆరితేరినవాళ్లు. ఓటస్ అప్పటికి వెళ్లిపోయాడు. ఆయనతో పాటు పనిచేసిన జెఫ్ డీ, బిల్ విల్లింగ్‌హామ్ లాంటివాళ్లు కామిక్స్ ఒరవడిలో వేసేవాళ్లు, వాళ్లూ ఆ రోజుల్లోనే తప్పుకున్నారు. బేసిక్ సెట్ నిబంధనలను టామ్ మోల్డ్‌వే 1981లో కూర్చితే, 1983లో ఫ్రాంక్ మెంట్జర్ తిరగరాశాడు. మెంట్జర్ పుస్తకం కొత్త పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది, కథ చెబుతూ ఆట నేర్పిస్తుంది. అలాంటి పుస్తకానికి అలాంటి అట్టే నప్పుతుంది: చూడగానే అర్థమయ్యేది, ఎవరూ తికమకపడనిది.

ఇక్కడ ఓటస్ అభిమానులు చేసే ఒక అన్యాయం చెప్పాలి. ఎల్మోర్‌ను వ్యాపారానికి అమ్ముడుపోయిన చెయ్యిగా, ఆట ఆత్మను చంపినవాడిగా మాట్లాడతారు. నాకిది ఒప్పుకోబుద్ధి కాదు. ఎల్మోర్ డ్రాగన్ కళ్లలో కనిపించే పొగరు, దాని కింద రాశిపోసిన బంగారం మీద పడిన వెలుగు, ఇవి ఫార్ములాతో వచ్చేవి కావు. లక్షణంగా వేసినంత మాత్రాన ఊహ లేనట్టు కాదు, వంకరగా వేసినంత మాత్రాన ఊహ ఉన్నట్టూ కాదు. 2010లో ఆట కొత్త సంచిక కోసం స్టార్టర్ పెట్టె తెచ్చినప్పుడు మళ్లీ ఎల్మోర్ డ్రాగన్‌నే అట్ట మీద పెట్టారు. అంతమంది జ్ఞాపకాల్లో అది నాటుకుపోయింది కనుకే.

జ్ఞాపకాల మాట వచ్చింది కాబట్టి ఆఖరి చిక్కు. "ఓటస్ అభిమానం అంతా బాల్యం మీది బెంగే. 1981లో పన్నెండేళ్లవాడు ఓటస్ అంటాడు, 1983లో పన్నెండేళ్లవాడు ఎల్మోర్ అంటాడు. ఇంతకుమించి ఏం లేదు" అనేవాళ్లున్నారు. వినడానికి ఈ వాదన తిరుగులేనిదిగా ఉంటుంది, చాలామటుకు నిజం కూడా. కానీ దీంతో తేలని సంగతి ఒకటుంది. 2000ల మధ్య నుంచి పాత నిబంధనలతో ఆడే ఒక ధోరణి బలపడింది. ఓల్డ్ స్కూల్ రెనసాన్స్ అంటారు దాన్ని. 1981 నాటి బేసిక్, ఎక్స్‌పర్ట్ నిబంధనలను దాదాపుగా తిరిగి తెచ్చిన 'లాబ్రింత్ లార్డ్' 2007లో వచ్చింది. ఈ ధోరణిలోకి వచ్చినవాళ్లలో ఆ పాత పెట్టెలు వచ్చేనాటికి పుట్టనివాళ్లు బోలెడుమంది. వాళ్లకు అందులో బాల్యం లేదు. అయినా వాళ్లు తమ పుస్తకాలకు వేయించుకునే బొమ్మల్లో ఆ చుక్కలు, ఆ వంకర శిరస్త్రాణాలు, ఆ పులిసిన రంగులు కనిపిస్తూనే ఉంటాయి. గుడ్‌మన్ గేమ్స్ లాంటి సంస్థలు ఓటస్‌నే పిలిచి కొత్తగా వేయించుకున్నాయి.

నా లెక్కలో దీనికి కారణం బెంగ కాదు, విసుగు. ఇప్పుడు ఎక్కడ చూసినా నున్నగా, సినిమా ఫ్రేములా వెలిగే ఫాంటసీ బొమ్మే. వీడియో గేముల్లో అదే, కార్డుల మీద అదే. ఎల్మోర్ కాలంలో అరుదైన నైపుణ్యం ఈనాడు పరిశ్రమ కనీస ప్రమాణం. ఒకప్పుడు వందలో ఒకటిగా మెరిసిన వాస్తవికత వందకు వందా అయ్యాక, కంటికి ఆగేది వంకరగా ఉన్నదే. ఇందులో ఓటస్ గొప్ప కొంత, ఆయనకు కలిసొచ్చిన కాలం కొంత. 1981లో అందరూ ఓటస్‌లాగే వేస్తూ ఉంటే, నేను కూడా ఎల్మోర్ పెట్టె కోసమే చేయి చాచేవాణ్ణేమో.

ఓటస్ నాకు నచ్చని చోట్లూ ఉన్నాయి. నలుగురైదుగురు కలబడుతున్న దృశ్యం వేసినప్పుడు ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు, బొమ్మ చదునుగా పడిపోతుంది. మామూలు మనుషులను మామూలుగా చూపించాల్సిన చోట, అంటే సంతలోనో సత్రంలోనో, ఆయన గీతకు ఏం చేయాలో పాలుపోదు. అక్కడా ఆ వింత ముఖాలే, ఆ ఏటవాలు కళ్లే. అంతా వింతైతే వింతకు విలువ పోతుంది. రాక్షసుణ్ణి చూసి జడుసుకోవాలంటే పక్కన జడుసుకునే మామూలు మనిషి ఒకడుండాలి. ట్రాంపియర్‌కు ఈ కిటుకు తెలుసు. ఓటస్‌కు తెలియదో, అక్కర్లేదనుకున్నాడో.

గ్రహాంతర జీవుల బొమ్మలు వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఈ లోపం లోపంగా కనబడలేదు. పాత మిత్రుడు పాల్ రీష్ 1992లో 'స్టార్ కంట్రోల్ 2' అనే కంప్యూటర్ గేమ్ తెచ్చినప్పుడు ఓటస్ కూడా అందులో పనిచేశాడు. అందులో మనతో మాట్లాడే జాతులు ఒకదానికొకటి పోలికే ఉండదు. మనిషి శరీర నిర్మాణం గురించి అక్కడ ఎవరూ నిలదీయలేదు.

ఇంతకీ బేసిక్ సెట్ అట్ట మీది ఆ పోరాటం ఏమైందో అడిగితే, జవాబు ఎక్స్‌పర్ట్ సెట్ అట్ట మీద ఉంది. అదీ ఓటస్ వేసిందే. అందులో తెల్లగడ్డం మాంత్రికుడొకడు తన మంత్రశక్తితో దూరదృశ్యం చూస్తున్నాడు. ఆ గుండ్రటి వెలుగులో కనిపిస్తున్నది మొదటి పెట్టె మీది దృశ్యమే: అదే డ్రాగన్, అదే ఈటె, అదే మాంత్రికురాలు. పోరాటం ఇంకా తేలలేదు. ముసలాయన ఎవరి పక్షమో కూడా బొమ్మ చెప్పదు.